ఆరాధన బృందం ఆడిషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టర్ హడావిడి సద్దుమణిగాక ఏటా మా సంఘంలో ఆరాధన బృందానికి కొత్తవారిని తీసుకుంటాం. ఆ ప్రకటన చదివిన ఆదివారం నుంచి నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. సికింద్రాబాద్‌లో మాది మూడు వందల మంది కూడుకునే తెలుగు సంఘం. కీబోర్డు, గిటారు, తబలా, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), ఆరుగురు గాయకులు. మీ సంఘం పద్ధతులు కొంచెం వేరుగా ఉండవచ్చు, కానీ సిద్ధపడే తీరు ఎక్కడైనా ఒకటే.

దేవుణ్ణి స్తుతించడానికి కూడా పరీక్ష పెట్టాలా?

స్తుతించడానికి పరీక్ష లేదు. మీ కుర్చీ దగ్గర నిలబడి శ్రుతి తప్పి పాడినా ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా. పరీక్ష మైకుకు. మైకులో పాడే గొంతు వెనుక మూడు వందల గొంతులు నడవాలి.

ఇది ఈ కాలంలో పుట్టిన ఆలోచన కాదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయం తీయండి. ఆసాపు, హేమాను, యెదూతూను సంతతివారిని దావీదు పాటకు ప్రత్యేకించినప్పుడు గానంలో నేర్పు పొందినవారి లెక్క 288 అని రాసి ఉంది. 15వ అధ్యాయంలో కెనన్యాకు పాట నేర్పే పని ఎందుకిచ్చారంటే అతనికి ఆ విద్య బాగా వచ్చు కనుక. ఆ 288 మందిలో ఎవరి వంతు ఎప్పుడో తేల్చడానికి మాత్రం పిన్న, పెద్ద, గురువు, శిష్యుడు అనే తేడా లేకుండా చీట్లు వేశారు. నేర్పు చూశారు, హోదా చూడలేదు. మేమూ అదే ప్రయత్నిస్తున్నాం.

అసలు మీరు ఏమి చూస్తారు?

గొంతు మాధుర్యం అనుకుంటారు చాలామంది. మా లెక్కలో అది మూడోదో నాలుగోదో.

మొదట మీరు తెచ్చుకున్న పాట పల్లవి, ఒక చరణం పాడమంటాం. తర్వాత అదే పాటను కీబోర్డు మీద ఒక మెట్టు దించి మళ్లీ పాడమంటాం. చాలామంది అక్కడే తడబడతారు, ఎందుకంటే పాటను ఫోనులో విన్న శ్రుతితో సహా బట్టీ పట్టి ఉంటారు. ఆ తర్వాత మా గాయకుల్లో ఒకరు మీ పక్కన నిలబడి మీతో కలిసి పాడతారు. మధ్యలో ఆమె గొంతు తగ్గిస్తుంది, ఒకచోట కావాలనే ఒక సాగదీత అదనంగా వేస్తుంది. అది మీరు విన్నారా, విని సర్దుకున్నారా అని చూస్తాం. పక్కవారిని వినకుండా పాడేవారికి ఎంత మంచి గొంతున్నా బృందంలో ఇమడటం కష్టం.

కొన్నేళ్ల క్రితం ఒక యువకుడు వచ్చాడు. గమకాలు, బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు), ఒక్క ఊపిరిలో రెండు పంక్తులు. ఆడిషన్‌లో మేమంతా ముగ్ధులమయ్యాం. ఆదివారం నిలబెట్టాం. అతను పాడుతుంటే సంఘమంతా నోరు మూసుకుని వింది. ఎవరికీ అతనితో కలవడం తెలియలేదు, ఎందుకంటే పల్లవి ప్రతిసారీ ఒక కొత్త వంపు తిరిగేది. అదే నెలలో ఒక వారం, అరవై దాటిన ఒక అక్క, సాదా గొంతు, అలంకారాలేమీ లేవు, పాట ఎత్తుకుంది. రెండో పంక్తికే వెనుక వరుసల నుంచి గొంతులు లేచాయి. అప్పటి నుంచి ఆడిషన్‌కు సంఘంలోని పదిహేను మందిని పిలిచి కుర్చీల్లో కూర్చోబెడుతున్నాం. అభ్యర్థి వైపు ఎంత చూస్తామో వాళ్ల పెదవుల వైపూ అంతే చూస్తాం. (ఆ యువకుడు ఇప్పుడు మాతోనే ఉన్నాడు. పల్లవి మూడుసార్లు ఒకేలా పాడటం నేర్చుకోవడానికి అతనికి ఆరు నెలలు పట్టింది.)

ఏ పాట ఎంచుకోవాలి?

రెండు సిద్ధం చేసుకోండి. ఒకటి మన సంఘంలో తరచూ పాడేది. రెండోది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నుంచి.

పాత కీర్తన ఎందుకని కుర్రవాళ్లు ముఖం పెడతారు. పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో కూర్చినవి. పుస్తకం తెరిస్తే చాలా పాటల తల మీదే రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. అది చూసి, ఆ తాళం వేసుకుంటూ పాడగలిగితే మీ పునాది ఎంత గట్టిదో నాకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పైగా అమ్మమ్మలకు ఆ పాటలు పుస్తకం లేకుండా వచ్చు. మీరు ఒక అక్షరం మింగినా పట్టుకుంటారు.

నిన్నగాక మొన్న విడుదలైన పాట వద్దు. అది వినసొంపుగా ఉండవచ్చు, కానీ ఇరవై వాయిద్యాల మధ్య పాడిన పాటను ఒక్క కీబోర్డుతో పాడితే బోసిగా ఉంటుంది, ఆ లోటు మీ గొంతుకు అంటుకుంటుంది. సినిమా బాణీకి కట్టిన పాట కూడా వద్దు. ఇది నా పట్టుదల అనుకోండి. ఆ బాణీ మొదలవగానే కూర్చున్నవారి మనసు హీరో దగ్గరికి పోతుంది.

నాకు సరిపోయే స్కేల్, అంటే పాడే శ్రుతి, ఎలా తెలుసుకోవాలి?

ఈ ఒక్క పని సరిగా చేసుకుంటే సగం ఆడిషన్ గట్టెక్కినట్టే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఫోనులో తంబూరా యాప్ పెట్టుకోండి. మీ పాటలో అన్నిటికంటే కింద పలికే అక్షరం ఎక్కడుందో, పైన పలికేది ఎక్కడుందో వెతకండి. మన పాటల్లో సాధారణంగా అడుగు స్వరం పల్లవి చివర, పై స్వరం చరణం మూడో పంక్తిలో దొరుకుతుంది. పాటంతా పాడనక్కరలేదు, ఆ రెండు ముక్కలే పాడుతూ శ్రుతి ఒక్కో అర మెట్టు మార్చండి. కింది అక్షరం గాలిగా మారకుండా, పై అక్షరం దగ్గర మెడ నరాలు లేవకుండా రెండూ హాయిగా పలికిన చోటు మీది.

శాస్త్రీయ కచేరీల్లో మగవారు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో, అంటే కీబోర్డు మీద సి నుంచి డి దాకా పాడటం, ఆడవారు ఐదు, ఐదున్నర, ఆరు, అంటే జి నుంచి ఎ దాకా పాడటం మామూలు. సంఘంలో ఇద్దరూ ఒకేసారి పాడాలి. అందుకని మధ్యేమార్గం వెతుకుతాం. చాలా పాటలకు మాకు అది డి నుంచి ఎఫ్ మధ్యలో ఎక్కడో దొరుకుతుంది. పాట అల్లిక మారితే లెక్కా మారుతుంది.

ఒక మెలిక ఉంది. రాత్రి పది గంటలకు దొరికిన స్కేల్ తెల్లవారి ఉండదు. నిద్ర లేచిన గొంతు బరువుగా, కిందికి దిగి ఉంటుంది. మా మొదటి ఆరాధన ఉదయం ఆరున్నరకు. కాబట్టి ఒకరోజు ఆరున్నరకే పాడి చూసుకోండి. పక్కింటివారికి ముందే చెప్పండి.

చివరగా ఆ స్కేల్‌ను కాగితం మీద రాసుకుని రండి. "స్కేల్ ఏమిటమ్మా?" అని కీబోర్డు అన్న అడిగితే "మీరు వాయించండి, నేను కలుస్తాను" అనేవారు పదిమందిలో ఎనిమిది మంది. తొమ్మిదోవారు "డి" అని చెప్పగానే గదిలో అందరం కాస్త నిటారుగా కూర్చుంటాం.

నేను సంగీతం నేర్చుకోలేదు. అర్హత ఉందా?

ఉంది. మా ఆరుగురిలో నలుగురు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నెల రోజుల సమయం ఉంటే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, రోజూ పావుగంట పాడండి. మందకొడిగా అనిపిస్తాయి, కానీ స్వరం మీద నిలబడటం నేర్పేవి అవే.

తాళం తప్పుతాను. ఏమి చేయాలి?

తప్పుతున్నానని తెలిసిందంటే సగం రోగం తగ్గినట్టే. తెలియనివారితోనే చిక్కు.

మన పాటలు ఎక్కువగా రెండు నడకల్లో ఉంటాయి. ఒకటి తకధిమి నడక, నాలుగు నాలుగుగా సాగేది. రెండోది తకిట తకిట, వాయిద్యాలవారు సిక్స్ బై ఎయిట్ అనేది. పాట మాటలు పక్కన పెట్టి, తొడ మీద తాళం వేస్తూ ఆ జతులు మాత్రం పలకండి. పాట ఏ నడకదో అప్పుడే తేలిపోతుంది. తర్వాత మాటలు పెట్టండి.

చాలామంది తప్పేది పాడేటప్పుడు కాదు, పాడకుండా ఆగినప్పుడు. పల్లవి అయిపోయి చరణం మొదలయ్యే లోపు వచ్చే వాయిద్యాల బిట్టును లెక్కపెట్టరు. నిశ్శబ్దం భరించలేక ఒక తాళం ముందే దూకుతారు. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఆ ఖాళీని కూడా పాడండి. చేత్తో లెక్కిస్తూ, నోరు మూసుకుని.

ఉచ్చారణకు మార్కులున్నాయా?

మార్కులంటూ ఏమీ వేయం, కానీ నేను దీన్ని వదలను. పరిశుద్ధుడు "పరిసుద్దుడు" అయితే, స్తుతి "సుతి" అయితే పాట ఎంత శ్రుతిలో ఉన్నా చెవిలో ముల్లు గుచ్చుకుంటుంది. దాని కంటే పెద్ద తప్పు మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం. "యెహో" అని ఆగి, గాలి పీల్చి, "వా" అంటే అర్థమేముంది? పాట కాగితం మీద ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తర్వాత పాడకుండా, కథ చెప్పినట్టు ఒకసారి పైకి చదవండి.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగిన పిల్లల తల్లిదండ్రులు కూడా రాస్తుంటారు: మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతుంది, ఫరవాలేదా అని. ఫరవాలేదు, కానీ ఆ అక్షరాల్లో కల, కళ, కాల మూడూ ఒకేలా కనబడతాయి. అమ్మమ్మ చేత ఒకసారి పాట చదివించి, ఫోనులో రికార్డు చేసి, అది వింటూ నేర్చుకోమనండి. కాగితం కంటే ఆ గొంతు నమ్మకమైనది.

కీబోర్డు వాయించేవారికి ఏమి పరీక్ష ఉంటుంది?

కీబోర్డు శ్రుతి మొత్తాన్ని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ మీద మనవారికి ఉన్న ప్రేమ నాకు తెలుసు. సి స్కేల్ ఒక్కటే నేర్చుకుని, మిగతాదంతా ఆ బటన్‌కు అప్పగిస్తారు. ఆడిషన్‌లో దాన్ని వాడనివ్వం. డి, జి, ఎ స్కేళ్లలో ప్రతిదానిలోనూ నాలుగు కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) వచ్చి ఉండాలి. జి అయితే జి, సి, డి, ఇ మైనర్. ఇంతే, భయపడకండి.

ఈ పట్టుదలకు నా సొంత గాయమే కారణం. ఇరవై ఏళ్ల వయసులో ఒక పెద్ద సంఘంలో ఆడిషన్‌కు వెళ్లాను. నాకంటే ముందు వాయించినతను ట్రాన్స్‌పోజ్ ప్లస్ మూడులో వదిలేసి లేచాడు. తెర మీద ఆ అంకె చిన్నగా కనబడుతూనే ఉంది, నేను చూడలేదు. నేను సి నొక్కాను, డి షార్ప్ పలికింది. పాడే అక్క ధైర్యంగానే అందుకుంది. చరణం మూడో పంక్తికి వచ్చేసరికి ఆమె గొంతు చీలింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. నాకు తప్పు ఎక్కడుందో కూడా అర్థం కాలేదు, వేళ్లు సరిగ్గానే ఉన్నాయి కదా అని వాటి వైపే చూస్తూ ఉండిపోయాను. కీబోర్డు ముందు కూర్చోగానే మూడు చూడండి: ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందా, వాల్యూమ్ ఎంతుంది, స్వరం సాగడానికి కాలితో నొక్కే పెడల్ తగిలించి ఉందా.

పెడల్ అంటే గుర్తొచ్చింది. మా వేదిక మీద చెప్పులు వేసుకోం. ఇంట్లో బూట్లతో సాధన చేసినవారికి వట్టి పాదం కింద పెడల్ వేరుగా తగులుతుంది. ఇంట్లోనూ చెప్పులు విప్పి వాయించండి.

రెండో పరీక్ష ప్రార్థన వెనుక వాయించడం. ఒకరు రెండు నిమిషాలు ప్రార్థిస్తారు, మీరు మెల్లగా కార్డులు నడపాలి. ఆ రెండు నిమిషాల్లో ఎవరికైనా మీ వాయిద్యం ప్రత్యేకంగా వినబడితే ఎక్కువ వాయించినట్టే.

గిటారు, తబలా, ప్యాడ్స్?

గిటారు శ్రుతి బయటే చేసుకుని లోపలికి రండి. కాపో (శ్రుతి పెంచడానికి గిటారు మెడకు బిగించే క్లిప్పు) తెచ్చుకోవచ్చు. తబలావారు శ్రుతి చేసే సుత్తి మరచిపోకండి, మా దగ్గర ఉన్నది పోయింది. ప్యాడ్స్ వాయించేవారికి ఒకే మాట: మెల్లగా వాయించి చూపించమంటాం. గట్టిగా అందరూ వాయిస్తారు.

మైకు పట్టుకుంటే చేతులు వణుకుతాయి.

మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. పై స్వరం వచ్చినప్పుడు కొంచెం వెనక్కి జరపండి. జాలీ తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత పెడుతుంది, స్పీకర్ వైపు తిప్పినా అంతే. పనిచేస్తోందా అని ఊదకండి, తట్టకండి. "వందనాలు" అనండి, సౌండ్ అన్నకు అది చాలు. ఇంట్లో మైకు లేకపోతే గరిటె పట్టుకుని సాధన చేయండి. నవ్వులాటకు చెప్పడం లేదు, చేతికి ఆ అలవాటు కావాలి.

వణుకు మాత్రం పోదు. నాకూ మొదటి పాటలో ఉంటుంది. మొదటి పంక్తి కళ్లు మూసుకున్నా పాడగలిగేంతగా నేర్చుకుంటే రెండో పంక్తికి అది తగ్గుతుంది.

గొంతు కోసం ఏమి తినాలి, ఏమి తాగాలి?

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం, మిరియాల పాలు, పటికబెల్లం, అతిమధురం, అన్నీ వాడేవారిని చూశాను. హాయిగా ఉంటే వాడండి. తాగినదేదీ స్వరతంత్రుల మీద నుంచి పోదు, ఆహారనాళంలోకి పోతుంది. అందుకే పాడబోయే ముందు గటగటా తాగిన నీళ్ల కంటే ముందు రోజంతా తాగిన నీళ్లు మేలు. ఆవిరి పట్టడం మంచిదే. ముందు రాత్రి ఉపవాస ప్రార్థనలో గొంతు చించుకుని పాడి, తెల్లవారి ఆడిషన్‌కు రాకండి. ఎవరూ ఆపలేరని తెలుసు, అయినా చెబుతున్నాను. గీర ఉంటే పదేపదే సకిలించకండి, ఒక గుటక నీళ్లు మింగండి.

మా అబ్బాయికి పదమూడేళ్లు, గొంతు మారుతోంది.

ఈ ఏడాది పాడించకండి. తాళం వాయిద్యం ఏదైనా నేర్పించండి, గొంతు కుదురుకున్నాక తీసుకురండి.

బాప్తిస్మం తీసుకుని ఉండాలా? డబ్బులిస్తారా?

మా సంఘంలో పాడేవారు బాప్తిస్మం పొంది, కనీసం ఏడాదిగా క్రమంగా వస్తూ ఉండాలి. ఇతర సంఘాల్లో పద్ధతి వేరు, మీ పాస్టర్ గారిని అడగండి. పాడేవారికి జీతం లేదు. కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవారికి చాలా సంఘాలు ఎంతో కొంత ఇస్తాయి, ఆ సంగతి దాచడంలో అర్థం లేదు. వారానికి మూడు చోట్లకు తిరిగి వాయించి ఇల్లు గడుపుకునేవారున్నారు. ఆ విషయం మొదటే మాట్లాడుకుంటే తర్వాత మనసులు నొచ్చుకోవు.

ఎంత సమయం ఇవ్వాలి?

శనివారం సాయంత్రం రెండు గంటల సాధన, ఆదివారం ఉదయం ఐదున్నరకే హాజరు. డిసెంబరులో క్యారల్స్ మొదలైతే ఇంటివారికి మీ ముఖం కనబడదు. చంటిపిల్లల తల్లులు నెలకు రెండు వారాలు వస్తే చాలు. రాత్రి షిఫ్టులు చేసేవారు దాచకుండా చెప్పండి, వంతులు అందుకు తగ్గట్టు వేస్తాం.

ఎంపిక కాకపోతే?

ఎందుకు కాలేదో నేనే ఫోను చేసి చెబుతాను. "ప్రార్థించండి, దేవుని చిత్తం" అని తప్పించుకోను. శ్రుతి అయితే శ్రుతి అని, తాళమైతే తాళమని చెబుతాను. నొప్పిగానే ఉంటుంది. ఒకామె మూడుసార్లు వచ్చి నాలుగోసారి చేరింది. మధ్యలో ఆమె పాటల మాటలు తెర మీద వేసే పని చూసింది, ఆ రెండేళ్లలో ఏ పాటలో సంఘం ఎక్కడ తడబడుతుందో మాకంటే ఆమెకే బాగా తెలిసింది.

ఆ రోజు ఏమి వేసుకోవాలి, ఏమి తెచ్చుకోవాలి?

ఆదివారం వచ్చే బట్టలే. తల మీద కొంగో చున్నీయో వేసుకునేవారు పిన్ను పెట్టుకోండి, పాట మధ్యలో సర్దుకుంటుంటే మైకు దూరం పోతుంది. మట్టిగాజులు ఒక చేతికే వేసుకుని మైకు రెండో చేత్తో పట్టుకోండి, లేకపోతే గలగల అంతా స్పీకర్లలోనే. పాట కాగితం, దాని మీద స్కేల్, ఒక నీళ్ల సీసా. రికార్డు చేసిన ట్రాక్ తేకండి, దానితో పాడనివ్వం.

ఎవరు ముందు, ఎవరు వెనుక?

చీట్లు తీస్తాం. తొమ్మిది గంటలకు వచ్చి మీ పేరు రాసి డబ్బాలో వేయండి. పాస్టర్ గారి అమ్మాయి చీటీ కూడా ఆ డబ్బాలోనే పడుతుంది. పోయిన ఏడాది ఆమెది ఆఖరున వచ్చింది. మధ్యాహ్నం రెండున్నర దాకా కూర్చుంది, కాబట్టి టిఫిన్ తిని రండి.